శాసనసభలో నిండిన బావి

రాతి కింద ఊటను దాచినవాడికి, దప్పిగొన్నవాళ్ళ మొరను తోసిపుచ్చనివాడికి స్తోత్రం. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడి మాటనూ, నెత్తిన కుండతో నిలబడిన ఆడమనిషి మాటనూ ఒకే చెవితో వినే దేవుని నామానికి స్తోత్రం. నేను చేసిన తప్పులోంచి కూడా తన పని తాను జరిగించుకున్న ప్రభువును ముందుగా స్తుతించి, ఆ తర్వాతే జరిగింది చెబుతాను.

అప్పుడు మన రాష్ట్రానికి కర్నూలు రాజధాని. నేను జమ్మలమడుగులో మిషన్ బడి పంతులుని. వారమంతా పిల్లలకు పాఠాలు, ఆదివారాలు చుట్టుపక్కల పల్లెల్లో ఆరాధన. ప్రొద్దుటూరులో ఒక వకీలు గారు శాసనసభకు గెలిచారు. ఆయన మా సంఘంవాడు కాదు, ప్రభుత్వ పక్షంవాడూ కాదు. నా చేతిరాత కుదురుగా ఉంటుందని, ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాస్తానని ఎవరో చెబితే పిలిపించుకున్నారు. ప్రతి శనివారం బస్సెక్కి వెళ్ళి ఆయన ఉత్తరాలూ, సభలో అడగాల్సిన ప్రశ్నలూ రాసిపెట్టేవాణ్ణి.

ఆయన వరండాలో ఒక బల్ల, ఒక రేకు పెట్టె ఉండేవి. సభ కాగితాలన్నీ ఆ పెట్టెలోనే. ఒక జీవో కావాలంటే ఇద్దరం నేలమీద కూర్చుని పెట్టె బోర్లించి వెతికేవాళ్ళం. ఒకరోజు అట్లా వెతుకుతూ ఆయన నవ్వారు.

"చూసినావా అయ్యవారూ. జవాబు చెప్పే మంత్రికి సెక్రటేరియట్ నిండా గుమాస్తాలు, జిల్లాకొక కలెక్టరు, తాలూకాకొక తాసిల్దారు. అడిగే నాకు నువ్వొక్కడివి. అది గూడా వారానికి ఒక పూట."

పులివెందుల తాలూకాలో మా సంఘంవాళ్ళుండే ఒక పల్లె ఉంది. పాతిక ముప్పై ఇళ్ళు. వాళ్ళకు సొంత బావి లేదు. ఊళ్ళో ఒక రైతు తన కపిల బావి దగ్గర ఎద్దులు తోలేటప్పుడు ఆడవాళ్ళు కాలువ పక్కన వరసగా నిలబడితే, పాలేరు కుండల్లో నీళ్ళు పోసేవాడు. వాళ్ళు బావి ఒడ్డు ఎక్కకూడదు. ప్రభుత్వం ఆ పల్లెకు ఒక బావి మంజూరు చేసింది. అదేమైందో తెలియక వాళ్ళు అర్జీ ఇస్తే వకీలు గారు సభలో ప్రశ్న వేశారు. కొన్నాళ్ళకు అచ్చయిన జవాబు వచ్చింది: బావి పూర్తయినది, వాడుకలో ఉన్నది.

లేఖనం చదివి పెరిగినవాణ్ణి. అచ్చులో ఉన్న మాట అబద్ధమై ఉంటుందని నాకు తోచనే లేదు. ఆ ఆదివారం జమ్మలమడుగు గుడిలో ఆ బావి కోసం కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించాను.

తర్వాతి ఆదివారం ఆరాధనకు ఆ పల్లెకు వెళితే గుడిపాకలో మగవాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా నీళ్ళకు పోయారు. ఎండ నడినెత్తికి వచ్చాక తిరిగొచ్చారు, కుండలో సగం బురద నీళ్ళతో. రెండు మైళ్ళ అవతల వంకలో ఇసుక తవ్వి, చెలమలో ఊరేదాకా కూర్చుని తెచ్చుకుంటున్నారట. సంఘానికి పెద్ద దిక్కుగా ఉండే ఒక ముసలమ్మ కుండ దించి, నా ముఖం చూడకుండానే అంది.

"కర్నూల్లో మాకు బావి తవ్విచ్చినారంట గదా అయ్యోరా. నీళ్ళు బాగుండాయా?"

విషయం మెల్లగా తెలిసింది. సభలో మంత్రి చెప్పిన జవాబు పత్రికలో పడింది. పులివెందుల కాఫీ హోటల్లో ఎవరో చదువుతుంటే రైతు విన్నాడు. మర్నాడు ఆడవాళ్ళు కుండలతో వెళితే పాలేరును ఆపేశాడు. "మీకు సర్కారు బావి వచ్చిందని మంత్రే చెప్పినాడు. ఇంగ నా బావికాడ మీకేంది పని? మీ బావి నీళ్ళు మీరు తాగండి, నా నీళ్ళు నా చేనికి చాలక సస్తాండా" అన్నాడట. ఆ మనిషిని దుర్మార్గుడని నేను అనను. అది ఎండాకాలం, అతని చేనూ ఎండుతోంది. ఇన్నాళ్ళూ ఇవ్వడం ఇష్టం లేకపోయినా ఇచ్చాడు. ఇవ్వకపోవడానికి ఇప్పుడు సభే కారణం ఇచ్చింది.

బావి చూపించమన్నాను. పల్లెకు పడమటగా చుట్టూ సిమెంటు వేసిన ఒడ్డు, దాని మీద చెక్కిన సంవత్సరం, లోపల రెండు నిలువుల లోతున బండ. గచ్చులాగా పొడిగా ఉంది. పక్కన గొర్రెలు మేపుకుంటున్న ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. ఆయన ఊరివాడు, మా సంఘంవాడు కాదు.

"పోయిన వారం నా గొర్రెపిల్ల దాంట్లో పడింది అప్పా. నీళ్ళుంటే మునిగి సచ్చేది. సర్కారోళ్ళు మంచోళ్ళు గాబట్టి ఎండుబావి తవ్వినారు, కాలిరిగి బతికింది."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కృతజ్ఞతా ప్రార్థన గుర్తొచ్చి సిగ్గేసింది, వెంటనే కోపమొచ్చింది. ఆ కోపంలోనే తప్పు చేశాను.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరిమీదైనా ఫిర్యాదు తేవాలంటే చాటుగా చెప్పకూడదు. చూసినవాళ్ళ పేర్లతో కాగితం రాసి, పెద్దల ముందు పెట్టి, ఆదివారం అందరూ వినేటట్టు చదవాలి. పేరు లేని సాక్ష్యాన్ని మేము సాక్ష్యంగా ఒప్పుకోము. ఒక్కడి సాక్ష్యం కూడా చాలదు. నేను ఆ కట్టుబాటులో పుట్టి పెరిగినవాణ్ణి. శనివారం ప్రొద్దుటూరులో కూర్చుని కొత్త ప్రశ్న రాశాను. ప్రశ్న అన్నమాటే గానీ, అది మూడు పేజీల సాక్ష్యం. ముసలమ్మ చెప్పింది, ఆమె పేరుతో. గొర్రెలాయన చెప్పింది, ఆయన పేరుతో, ఆయన తండ్రి పేరుతో సహా.

వకీలు గారు కర్నూలు బస్సుకు తొందరలో ఉన్నారు. కాగితాలు చేత్తో తూచినట్టు పట్టుకున్నారు.

"ఇంత పొడుగేందయ్యా? పేర్లెందుకు?"

"పేర్లు లేకుంటే ఎవరు నమ్ముతారు సార్?" అన్నాను.

బయట జట్కా ఆగింది. ఆయన సంతకం పెట్టేశారు.

పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక మంగళవారం నేను బడిలో లెక్కలు చెబుతుంటే పులివెందుల బస్సు కండక్టరు వచ్చి చీటీ ఇచ్చాడు. పల్లెలో సంఘాన్ని చూసుకునే మా ఉపదేశి రాసినది. రెండే మాటలు: ఇనస్పెక్టరు వచ్చినాడు. మీరు రాసిన పేర్లు చదువుతాండాడు.

హెడ్మాస్టరుకు చెప్పి అదే బస్సెక్కాను. ముద్దనూరు దాటి పోయేంతసేపూ నాకు ప్రార్థన మాటలు కూడా రాలేదు.

పల్లె మొదట్లో గుడిపాక ముందర ఊళ్ళోంచి తెప్పించిన కుర్చీలో రెవెన్యూ ఇనస్పెక్టరు కూర్చుని ఉన్నాడు. పక్కన కరణం, తలారి. ఇనస్పెక్టరు చేతిలో టైపు కొట్టిన కాగితం. ఆయన తెలుగులో చదివి వినిపిస్తుంటే అవి నా వాక్యాలేనని గుర్తుపట్టాను. నేను ప్రొద్దుటూరు వరండాలో రాసిన ముక్కలు కర్నూలు సభ ఆఫీసుకు పోయి, అక్కడి నుంచి నిజానిజాలు తెలుపమని శాఖకు పోయి, కలెక్టరు ఆఫీసుకు దిగి, చివరికి ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్ళ చేతికే వచ్చాయి.

గొర్రెలాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఈ పేరు నీదే గదా? మంత్రిగారు అబద్ధం చెప్పినాడని చెప్పినావంట."

"మంత్రిని నేను యాడ చూసినా సామీ? నా గొర్రెపిల్ల గుంతలో పడిందని చెప్పినా, అంతే."

"కొండమీద మేపుకునే పర్మిట్టు నీకెవరిచ్చినారు?"

"తమరే సామీ."

"వచ్చే యేడు గూడా కావల్నా, వద్దా?"

గొర్రెలాయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనేమైనా చెబుతానేమోనని చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. ఆయన బొటనవేలు కరణం ముందుకు చాపాడు. బావిలో నీళ్ళున్నవి, మేము వాడుకొనుచున్నాము అని ముందే రాసి ఉన్న కాగితం మీద ముద్ర పడింది.

"ఇంగ నువ్వు రామ్మా" అన్నాడు ఇనస్పెక్టరు.

ముసలమ్మ ముందుకొచ్చింది. "ఏందని రాసినారు సామీ దాంట్లో?"

"బావిలో నీళ్ళుండాయి, తాగుతాండాము అని."

"అట్నా. అయితే ఒక చెంబు తోడియ్యండి సామీ. తాగి, ఆ తడి ఏలితోనే యేస్తా."

తలారి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఇనస్పెక్టరు ముఖం ఎర్రబడింది.

"ముసల్దానివని ఊరకుంటాండా. నీ గుడిసె ఉండేది పోరంబోకు నేల, తెలుసునా?"

"నేలా సర్కారుదే, బావీ సర్కారుదే. దప్పి ఒకటే నాదా సామీ?"

అప్పుడు నేను ముందుకు పోయి, ఆ మాటలు రాసింది నేనని, వాళ్ళను వదిలేయమని అన్నాను. ఇనస్పెక్టరు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "నీ సంగతి గూడా ఉండాదిలే అయ్యవారూ" అని లేచి, ముసలమ్మతో చెప్పాడు: "శుక్రవారం మళ్ళా వస్తా. ఏలిముద్రన్నా పడాల, గుడిసన్నా లేయాల."

మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరులో ఉన్నాను. సభకు రెండు రోజులు సెలవైతే వకీలు గారు ఇంటికొచ్చి ఉన్నారు. అంతా చెప్పాను. ఆయన బల్లమీద ఉన్న ఒక కాగితం నా ముందుకు తోశారు. మేము పంపిన ప్రశ్నలో వాదనలూ, వ్యక్తుల పేర్లూ ఉన్నందున నిబంధనల ప్రకారం స్వీకరించలేమని సభ ఆఫీసు రాసింది. ప్రశ్న సభకు చేరలేదు. పేర్లు మాత్రం తాలూకాఫీసుకు చేరాయి.

"తప్పు నాది సార్" అన్నాను.

"నీదే. చదవకుండా సంతకం పెట్టింది నేను గాబట్టి నాది గూడా." ఆయన గొంతు పెంచారు. "నన్ను ఎందుకు గెలిపించి పంపినారయ్యా? సభలో నేనేం మాట్లాడినా నన్ను ఎవడూ కోర్టుకు ఈడ్చలేడు. ఆ ముసలామెకు ఏముంది అట్లాంటిది? ఆమె తన పేరు బయట పెట్టుకునే వీల్లేదు గాబట్టే నా పేరుతో అడగాల. నువ్వు ఆమెను తీసుకపోయి ముందర నిలబెట్టి నన్ను ఆమె ఎనకాల దాచినావు."

ఇన్నేళ్ళు వాక్యం చెప్పినవాణ్ణి, మరొకరి బదులు నిలబడడం అంటే ఏమిటో ఆ రోజు ఒక అన్యమతస్థుడు నాకు చెప్పాడు. తలవంచుకుని విన్నాను.

పాత జవాబు మీదే గురువారం సభలో ఆయన అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఉందట. ఒక్కటంటే ఒక్కటే. ఇద్దరం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నేను రాసింది ఆయన కొట్టేశారు, ఆయన రాసింది నేను తగ్గించాను. ఆఖరికి ఒక వాక్యం మిగిలింది: బావి పూర్తయినదని రిపోర్టు రాసిన అధికారి ఆ బావిని స్వయంగా చూసినది ఏ తేదీన?

శుక్రవారం నేను పల్లెలోనే ఉన్నాను. సంఘమంతా ఉపవాసం. గురువారం సభలో ఏం జరిగిందో మాకు తెలిసే దారి లేదు. ముసలమ్మ గుడిసెలోని సామానంతా బయట పెట్టుకుంది, రెండు కుండలు, ఒక చాప, ఒక పెట్టె. "పీకేటప్పుడు పగలగొడ్తారు నాయనా, మనమే తీసిపెడితే మేలు" అంది. బండి చప్పుడైతే అందరం దారివైపు తిరిగేవాళ్ళం. పొద్దు వాలుతుండగా తలారి ఒక్కడే వచ్చాడు.

"ఇనస్పెక్టరు సారు ఈపొద్దు రాడంట. తాలూకాఫీసులో పాత కాగితాలన్నీ కింద పోసి ఏందో తేదీ ఎతుకుతాండారు."

ఆ మాట వినగానే నేను మోకాళ్ళ మీద పడ్డాను.

శనివారం వకీలు గారు చెప్పారు. "మంత్రి లేచి, అక్కడి మనుషులే నీళ్ళున్నాయని రాసిచ్చినారని గొర్రెలాయన కాగితం పైకెత్తి చూపిచ్చినాడు. నేను తేదీ అడిగినా. అధికారులు కూచ్చునే కాడినుంచి ఒక చీటీ వచ్చింది. చదివి పక్కన పెట్టినాడు. ఇంగో చీటీ వచ్చింది. తేదీ మాత్రం రాలే. రిపోర్టు సభ ముందర పెట్టమన్నాడు స్పీకరు. వ్యవధి కావాలన్నాడు మంత్రి. అప్పుడు వాళ్ళ పక్షంలోనే ఒక పెద్దాయన లేసి, ఈ చీటీలెందుకు, ఇచ్చిన హామీలు చూసే కమిటీ మనకొకటి ఉంది గదా, మేమే పోయి చూసొస్తాం అన్నాడు." ఆయన రేకు పెట్టె మూత వేశారు. "ఇంతవరకు ఆ కమిటీ కర్నూలు దాటింది లేదు అయ్యవారూ. కాగితం చూసి కాగితం రాసేది."

కమిటీ వచ్చేరోజు నేను పొద్దున్నే బావి దగ్గరికి వెళ్ళి లోపలికి చూశాను. నీళ్ళు. నిలువెత్తు నీళ్ళు, ఆకాశం కనబడుతోంది. ముందురోజు సాయంత్రం పులివెందుల నుంచి పీపాల బండ్లు వచ్చి పోసిపోయాయట.

జీపులో ముగ్గురు సభ్యులు దిగారు. ముందర నడిచినవాడు సభలో లేచి మాట్లాడిన ఆ పెద్దాయనే. తాసిల్దారు దారి చూపించాడు. వకీలు గారు కమిటీలో లేరు గనుక దూరంగా నిలబడ్డారు. పెద్దాయన ఒడ్డు మీద చేతులాన్చి వంగి చూశాడు.

"నీళ్ళుండాయి గదమ్మా?"

"ఉండాయి సామీ" అంది ముసలమ్మ. "మీరొస్తారని నిన్న బండ్లెక్కి వచ్చినాయి."

"అబద్ధం సార్" అన్నాడు తాసిల్దారు. "వీళ్ళను ఈ పంతులు రేపినాడు."

పెద్దాయన నన్ను చూశాడు, తాసిల్దారును చూశాడు. "ఎవరి మాట నిజమని ఎట్ల తెలుస్తాది?"

"ఊటబావయితే తోడేకొద్దీ ఊరుతాది గదా సామీ. మేము తోడతాం. మీరు ఈడ కూచ్చోని చూడండి" అంది ముసలమ్మ.

"ట్రావెలర్స్ బంగళాలో భోజనం చల్లారిపోతాది సార్" అన్నాడు తాసిల్దారు.

ఆ క్షణంలో పెద్దాయన జీపెక్కి ఉంటే అంతా అయిపోయేది. నీళ్ళున్న బావిని ముగ్గురు సభ్యులు కళ్ళారా చూసినట్టు కాగితం ఉండేది, ఇక దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. పెద్దాయన గొడుగు విప్పుకుని ఒడ్డు పక్కన బండమీద కూర్చున్నాడు.

"తోడండమ్మా."

పల్లెలో ఆడవాళ్ళంతా వచ్చారు. కుండలు, తపేలాలు, కిరసనాయిలు డబ్బాలు, పిల్లల్ని కడిగే తొట్టి. ఎన్నాళ్ళకో చేతికందిన నీళ్ళు, ఒక్క చుక్క కింద పోనివ్వలేదు. "తాసిల్దారు సారు పోయిచ్చిన నీళ్ళు, తియ్యగుంటాయి, నింపుకోండే" అని ముసలమ్మ కేకలేస్తుంటే సభ్యుల్లో ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. పొద్దు వాలేసరికి చేద అడుగున బండకు గీసుకున్న చప్పుడు వినిపించింది. ఇంకొక గంట ఉందామన్నాడు పెద్దాయన. గంట తర్వాత ఆ ముగ్గురిలో చిన్నవాడు పంచె ఎగగట్టి నిచ్చెన దిగాడు. పైకొచ్చి అరచెయ్యి చూపించాడు. బురద తప్ప తడి లేదు.

పెద్దాయన తాసిల్దారుతో గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. "మంత్రి మా పార్టీవాడే. రిపోర్టు మాత్రం నేను సభకు రాయాల" అని జీపెక్కాడు.

మంత్రి సభలో తన జవాబు దిద్దుకున్నాడు. బావి తయారయ్యేదాకా పల్లెకు రోజూ బండ్లలో నీళ్ళు పంపమని ఉత్తర్వు వచ్చింది. అవే బండ్లు, అవే పీపాలు. మరుసటి ఎండాకాలం రాకముందే బండ పేల్చి లోతు చేస్తే ఊట పడింది. కొంచెం ఉప్పు తగిలేది, అయినా నీళ్ళు. ముసలమ్మ గుడిసె జోలికి ఎవరూ రాలేదు. ఇనస్పెక్టరుకు బదిలీ అయింది.

గొర్రెలాయనకు మాత్రం పర్మిట్టు రాలేదు. తప్పుడు కాగితం రాసిచ్చాడన్నది కారణం. ఎవరు బెదిరించి ముద్ర వేయించుకున్నారో వాళ్ళ ఆఫీసే ఆ ముద్ర చూపించి శిక్షించింది. వకీలు గారూ నేనూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి పర్మిట్టు తిరిగి ఇప్పించేసరికి ఏడాదైంది. ఈలోగా ఆయన మందలో సగం అమ్ముకున్నాడు. క్షమించమని అడగడానికి వెళ్ళాను. నా మాటంతా విని, గొర్రె డెక్కలో ముల్లు తీస్తూ చెప్పాడు.

"అయ్యిందేందో అయిపోయింది. ఇంగ నా పేరు యాడా రాయొద్దు అయ్యోరా. నాకోసం ప్రార్థన జేస్తే గూడా ఒగాయన అను, చాలు. మీ దేవునికి తెలుస్తాదిలే."

ఆ మాట మీదే ఉన్నాను. ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రజల తరఫున అడగడానికి వెళ్ళినవాళ్ళకు చదువుకోవడానికి కాగితాలూ, తోడు నిలిచే మనుషులూ, బండమీద కూర్చుని పొద్దు వాలేదాకా చూసే ఓపికా ఇమ్మని అడగండి. జవాబు చెప్పే అధికారంలో ఉన్నవాళ్ళకు, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం ఇమ్మని అడగండి. నాలాగా మంచి చేయబోయి ఇంకొకరిని ముందుకు తోసినవాళ్ళను క్షమించమని అడగండి. చివరగా, ఒకాయన కోసం. పేరు అక్కర్లేదు. ఆమెన్.